లెక్క వచ్చు, లెక్క అడిగిన మాట రాదు

విశాఖపట్నం నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సొంతూరు ముంచింగిపుట్టు వైపు ఒక కొండపల్లె. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ఆశ్రమ పాఠశాలలో తెలుగు నేర్చుకుని, నర్సింగ్ చదివి, ఇప్పుడు సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు. భర్త డ్రైవరు. పెందుర్తిలో అద్దెకుంటున్నారు. నైట్ డ్యూటీల వల్ల కొడుకును దాదాపు ఏడేళ్లు వచ్చేదాకా ఊళ్లో అత్తగారి దగ్గరే ఉంచారు. ఏడాదిన్నర కిందట ఇద్దర్నీ ఇక్కడికి తెచ్చుకుని, బాబును ఇంటి దగ్గరున్న ఇంగ్లీషు మీడియం స్కూల్లో రెండో తరగతిలో చేర్చారు. ఇప్పుడు మూడో తరగతి.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాడు నోరు మూయని పిల్లాడట. నానమ్మ సంతలో కొండచీపుర్లు, చింతపండు అమ్ముతుంటే చిల్లర లెక్క వాడే చూసేవాడట. ఇక్కడికొచ్చాక మాట తగ్గిపోయింది. వాళ్ల స్కూల్లో ఇంగ్లీషు కాకుండా వేరే భాష మాట్లాడిన పిల్లల పేర్లు క్లాస్ లీడర్ బోర్డు మీద రాస్తాడు. మొదటి పేరెంట్స్ మీటింగులో టీచరు "మీవాడి పేరు ఒక్కసారి కూడా బోర్డెక్కలేదు" అని మెచ్చుకుంటే ఈమె ఎంతో సంతోషపడ్డారు. వాడు అసలు నోరే తెరవడం లేదని, అందుకే పేరు ఎక్కలేదని నాలుగు నెలల తర్వాత తెలిసింది.

ఈ ఏడాది లెక్కల క్లాసులో ఒక ప్రశ్న వచ్చింది. బుట్టలో 24 మామిడిపళ్లున్నాయి, 9 పాడైపోయాయి, "హౌ మెనీ ఆర్ లెఫ్ట్?" టీచరు వాడిని లేపి అడిగితే వాడు ఎడమ చెయ్యి పైకెత్తాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి వాడి పేరు 'లెఫ్ట్' అయిపోయింది. ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి అంటున్నాడు.

స్కూలు వాళ్లు రెండు మాటలు చెప్పారు. ఇంట్లో మీ భాష పూర్తిగా మానేసి ఇంగ్లీషు, అది కాకపోతే కనీసం తెలుగు మాట్లాడండి అన్నారు. వచ్చే ఏడాది కూడా మూడో తరగతే చదివిస్తామని కాగితం మీద సంతకం పెట్టమన్నారు. మొదటి మాటను భర్త ఆ రోజునుంచే అమలు చేశారు. అత్తగారికి సంతలో బేరానికి సరిపోయేంత తెలుగే వచ్చు. కొడుకు ఇంట్లో ఉంటే ఆమె ఇప్పుడు మనవడితో మాట్లాడటమే మానేశారు.

ఉత్తరంలో ఒకచోట ఇలా రాశారు: "మొన్న ఆర్కే బీచ్‌కి వెళ్లాం. మా అత్త అలలు చూసి సంబరంగా వాడిని మా భాషలో గట్టిగా పిలిచింది. పక్కనే వాళ్ల క్లాసు పిల్లలు ఇద్దరున్నారు. వాడు ఆవిడ చెయ్యి వదిలేసి ఎవరో తెలియనట్టు దూరంగా నిలబడ్డాడు. ఇంటికొచ్చేదాకా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఏజెన్సీ నుంచి పేషెంట్లు వచ్చి భాష రాక అవస్థ పడుతుంటే నేనూ అంతే, తెలియనట్టు పక్కకి వెళ్లిపోతాను."

ఇంట్లో మా భాష ఆపేయడం మంచిదేనా? సంతకం పెట్టాలా? గవర్నమెంటు స్కూలుకి మార్చాలా, లేకపోతే వాడిని మళ్లీ ఊరికి పంపేయాలా? మావాడు నిజంగానే మొద్దా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ బాబు మొద్దు కాదు. ఆ మాట మీరు రాసిన ఉత్తరమే చెబుతోంది. చీపురుకట్టల బేరంలో నానమ్మకు చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చిన పిల్లాడికి 24లోంచి 9 తీసేయడం రాదని ఎలా అనుకుంటాం? వాడికి లెక్క వచ్చు. లెక్క అడిగిన మాట రాదు. 'లెఫ్ట్' అనే ఇంగ్లీషు మాటకు వాడు నేర్చుకున్న అర్థం ఒక్కటే, ఎడమ. ఆ అర్థం తెలుసుకుని, గుర్తుపెట్టుకుని, అందరి ముందూ చెయ్యెత్తి చూపించాడు. మిగలడం అనే రెండో అర్థం ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. క్లాసు నవ్వింది కానీ, నన్నడిగితే ఏడాదిన్నరలో వాడు నోరు తెరవకుండానే ఎంత పట్టుకున్నాడో ఆ ఎత్తిన చెయ్యే చెబుతోంది.

అయినా నా మాట మీద వదిలేయకండి. ఈ వారమే ఒక పని చేసి చూడండి. మీ అత్తగారిని కూర్చోబెట్టి, మీ భాషలో, అవే మామిడిపళ్ల లెక్క వాడిని అడగమనండి. తర్వాత ఊళ్లో విన్న కథ ఒకటి వాడిని చెప్పమనండి. కథ మొదలు నుంచి చివరిదాకా వరుస తప్పకుండా చెప్పి, లెక్క సరిగ్గా చేస్తే, వాడి ఇబ్బంది భాష దగ్గరే ఉంది. అలా కాక మీ భాషలో కూడా మాటలు తడుముకుంటుంటే, చెప్పింది వెంటనే మరిచిపోతుంటే, అది వేరే సంగతి. అప్పుడు పిల్లల డాక్టరుకు చూపించాలి. ఎలాగైనా ఒకసారి చెవి, కన్ను పరీక్ష చేయించండి. మీరు నర్సు కాబట్టి ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. వినికిడి కొంచెం తక్కువున్న పిల్లలను కూడా క్లాసులో ఇలాగే 'స్లో' అనేస్తారు. ఆ అనుమానం ముందే తీరిపోతే స్కూల్లో మీ మాటకు బలం వస్తుంది.

మీరు ఫొటో తీసి పంపిన తెలుగు నోట్‌బుక్ పేజీలు చూశాను. ఎర్ర ఇంకుతో పేజీ నిండిపోయింది. 'మా అక్క వచ్చాడు' అని రాసిన చోట టీచరు రెండు గీతలు గీశారు. 'పూలు' అనాల్సిన చోట 'పులు', 'పాట' అనాల్సిన చోట 'పట'. నాకు ఆ తప్పుల్లో ఒక వరుస కనిపించింది. ఒడియాలో క్రియకు ఆడ, మగ తేడా లేదు. 'సే ఆసిలా' అంటే వాడు వచ్చాడనీ అవుతుంది, ఆమె వచ్చిందనీ అవుతుంది. మీ ఊరి పలుకుబడి కాస్త వేరుగా ఉండొచ్చు కానీ ఈ పద్ధతి అదే. తెలుగులో అయితే అన్న వచ్చాడు, అక్క వచ్చింది, బస్సు కూడా వచ్చింది. అక్కకీ బస్సుకీ ఒకటే క్రియ ఎందుకో మనం ఏ పిల్లాడికీ విడమరిచి చెప్పం, ఎందుకంటే మన పిల్లలకు అది పాలతో పాటే వచ్చేస్తుంది. మీవాడికి ఎవరైనా చెప్పాలి. ఇక ఒడియా పలుకులో హ్రస్వం, దీర్ఘం అనే తేడాతో అర్థం మారదు. అందుకే డిక్టేషన్‌లో దీర్ఘాలు వాడి చెవికి అందడం లేదు. ఇవి బద్ధకంతో చేసిన తప్పులు కావు. ఒక భాష బాగా వచ్చిన పిల్లాడు ఇంకో భాషలోకి వస్తూ చేసే తప్పులు. 'పులి', 'పూలు' పక్కపక్కన రాసి, చప్పట్లు కొడుతూ పొట్టిగా, పొడుగ్గా పలికిస్తే వారం పది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఇంట్లో భాష ఆపేసే సంగతి. స్కూలు వాళ్లు చెడ్డ ఉద్దేశంతో చెప్పి ఉండరు. ఒక భాష తీసేస్తే ఇంకో భాషకు చోటు దొరుకుతుందని చాలామంది టీచర్లు నమ్ముతారు. నేనూ చాలా ఏళ్లు నమ్మాను. కానీ పిల్లల బుర్ర అలా పనిచేయదు. ఒక భాషలో అర్థమైన విషయం రెండో భాషలోకి వెళ్లేటప్పుడు మాట మాత్రమే మారుతుంది, విషయం మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. 'మిగలడం' అంటే ఏమిటో మీ భాషలో తెలిసిన పిల్లాడికి 'లెఫ్ట్' అనేది ఒక కొత్త మాట, అంతే. ఏ భాషలోనూ తెలియని పిల్లాడికి అది పెద్ద కొండ. కెనడాలో జిమ్ కమ్మిన్స్ అనే పరిశోధకుడు వలస కుటుంబాల పిల్లల మీద పనిచేసి ఒక సంగతి తేల్చాడు. ఆటస్థలంలో, బస్సులో మాట్లాడుకునే భాష పిల్లలకు సుమారు రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం చదివి, అర్థం చేసుకుని, జవాబు రాసే భాష రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మీవాడికి ఏడాదిన్నరే అయింది. పైగా ఒకటి కాదు, తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒకేసారి మీద పడ్డాయి. వాడు వెనకబడ్డాడని ఎవరైనా అంటే, ఎవరికంటే అని అడగండి. పుట్టిన దగ్గర్నుంచీ తెలుగు వింటున్న పిల్లల కంటేనా?

ఇంట్లో మీ భాష ఆపేస్తే ఏం జరుగుతుందో మీరు ఇప్పటికే చూస్తున్నారు. మీ ఇంట్లో వాడితో ఎక్కువసేపు గడిపేది నానమ్మ. ఆవిడ నోరు మూతపడితే వాడికి రోజుకు నాలుగైదు గంటల మాట పోయినట్టే. ఆ ఖాళీలోకి ఇంగ్లీషు రాదు, టీవీ వస్తుంది. మీరు, మీవారు వచ్చీరాని ఇంగ్లీషులో "ఈట్ ఫాస్ట్, గో బాత్" అంటే దాన్నుంచి వాడు నేర్చుకునేది చాలా తక్కువ. అదే మీరు మీ భాషలో "అన్నం ఎందుకు అడుగంటింది, మంట ఎక్కువైతే నీళ్లు ఏమవుతాయి" అని మాట్లాడితే అది సైన్సు పాఠమే.

మీవారి గురించి ఒక మాట. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. మీరు రాసినదాన్ని బట్టి, డ్రైవింగ్ పనిలో కొత్తలో తోటివాళ్లు ఆయన యాస పట్టుకుని ఏడిపించారు. తనకు జరిగింది కొడుక్కి జరగకూడదని ఆయన ఆరాటం. ఆ భయం నిజమైనది. కాబట్టి "మీరు చేసింది తప్పు" అని మొదలుపెట్టకండి. మీరిద్దరూ ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్లే. మొదటి ఏడాది టీచరు చెప్పేది అర్థం కాక ఎలా కూర్చున్నారో, ఎవరు సాయం చేశారో ఒక రాత్రి తీరిగ్గా కూర్చుని గుర్తు చేసుకోండి. చాలామంది చెప్పే జవాబు ఒకటే: పై క్లాసులో చదివే మా ఊరి అన్న ఒకడు మా భాషలో చెప్పేవాడు, అప్పుడు అర్థమైంది. మీవారి జవాబు కూడా అదే అయితే, మీ బాబుకిప్పుడు అలాంటి అన్న లేడనే సంగతి ఆయనకే తడుతుంది. ఆయన పూర్తిగా ఒప్పుకోకపోయినా మధ్యేమార్గం ఒకటి ఉంది. తండ్రి తెలుగులో మాట్లాడతాడు, నానమ్మ మీ భాషలో, మీరు రెండింటిలో. పిల్లలు ఎవరితో ఏ భాషో చక్కగా వేరు చేసుకోగలరు. నిషేధం మాత్రం ఎత్తేయాలి. నానమ్మతో మాట్లాడటం తప్పు అని ఎనిమిదేళ్ల పిల్లాడికి అనిపిస్తే అది భాషతో ఆగదు. బీచ్‌లో మీరు చూసింది అదే.

ఒక సంగతి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది, ఇక్కడ చెప్పాలి. మన విశాఖలో నేవీ ఉంది, పోర్టు ఉంది, స్టీల్‌ప్లాంట్ ఉంది. కేరళ నుంచి, బెంగాల్ నుంచి, పంజాబ్ నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబాల పిల్లలు తెలుగు ఒక్క ముక్క రాకుండా ఇక్కడ స్కూళ్లలో చేరతారు. వాళ్లను ఎవరూ మొద్దు అనరు. "పాపం, కొత్తగా వచ్చారు, భాష రాదు, మెల్లగా నేర్చుకుంటారు" అంటారు. ఆ పిల్లలకు మూడు భాషలు వస్తే ముచ్చటపడతారు. కొండ మీద నుంచి వచ్చిన పిల్లాడికి అదే తెలుగు రాకపోతే 'గ్రహణశక్తి తక్కువ' అని రాస్తారు. మీవాడికి కూడా మూడు భాషలే. ఈ తేడా పిల్లల్లో లేదు, మన చూపులో ఉంది.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే కారణం ఉంది. నేను టీచరుగా చేరిన కొత్తలో నా క్లాసులో ఒడిశా నుంచి పనికి వచ్చిన కుటుంబం పిల్లాడు ఒకడుండేవాడు. ఆరు నెలలు చివరి వరసలో కూర్చోబెట్టాను. ప్రోగ్రెస్ కార్డులో నా చేత్తోనే 'మందకొడి' అని రాశాను. ఒకరోజు వాడి చిన్నాన్న స్కూలుకొచ్చాడు. గేటు దగ్గర వాడు చేతులు తిప్పుతూ, నవ్వుతూ, ఊపిరి తీసుకోకుండా పది నిమిషాలు ఆయనకేదో చెప్పాడు. నేను వరండాలో నిలబడి చూశాను. ఆ పిల్లాడిని నేను అంతకుముందు ఎప్పుడూ చూడనట్టే అనిపించింది. ఆ ఎండాకాలం వాళ్లు ఇటుకబట్టీ మారి వెళ్లిపోయారు. కార్డు మీద నేను రాసిన మాట కొట్టేసే అవకాశం నాకు రాలేదు.

సంతకం విషయానికొద్దాం. తొందరపడి పెట్టకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లలను ఏ తరగతిలోనూ ఆపకూడదు. 2019లో చేసిన సవరణ 5, 8 తరగతుల్లో మాత్రం పరీక్ష పెట్టి, తప్పితే ఇంకో అవకాశం ఇచ్చి, అప్పుడూ తప్పితే ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. మూడో తరగతికి ఆ వీలు లేదు. ఇది ప్రైవేటు స్కూళ్లకూ వర్తిస్తుంది. అందుకే వాళ్లు ఆపుతున్నామని అనకుండా, మీరే అడిగినట్టు కాగితం రాయించుకుంటున్నారు. మీరు సంతకం పెడితే వాడు అవే పాఠాలు, అదే భాషలో, అదే పద్ధతిలో ఇంకో ఏడాది వింటాడు. తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుంటాడు. 'లెఫ్ట్' అనే పేరు కింద క్లాసుకి కూడా పాకుతుంది. పెట్టకపోతే స్కూలు వాళ్ల ముఖం కొంచెం మాడుతుంది, నాలుగో తరగతి మొదట్లో మీవాడికి కష్టంగానే ఉంటుంది, ఇంట్లో సాయం తప్పనిసరి అవుతుంది. ఈ రెండింట్లో రెండోదే భరించదగిన కష్టమని నా అభిప్రాయం. కాగితం తిప్పి ఇచ్చేటప్పుడు గొడవ అక్కర్లేదు. "చట్టం అడిగి తెలుసుకున్నాం మేడం, వాడిని పై తరగతికి పంపండి, ఇంట్లో మేము చూసుకుంటాం" అంటే చాలు. అప్పటికీ ఒత్తిడి చేస్తే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. కానీ ఫిర్యాదు చేసిన స్కూల్లోనే పిల్లాడు రోజూ కూర్చోవాలి కదా, అది చివరి దారిగా ఉంచుకోండి.

చట్టం ఇంకా చాలా చెబుతుంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం ఉంది. విద్యాహక్కు చట్టం కూడా బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటూనే 'ఆచరణలో వీలైనంతవరకు' అని ఒక మాట కలిపింది. ఆ 'వీలైనంతవరకు' దగ్గరే అన్నీ ఆగిపోతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఒక మంచి పని మొదలైంది. కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారాతో పాటు మీ ఆదివాసీ ఒడియాలో కూడా, మొత్తం ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారుచేసి ఏజెన్సీ బడుల్లో చెప్పారు. అంటే మీ భాష బడికి పనికొస్తుందని ప్రభుత్వమే ఒప్పుకుని ఇరవై ఏళ్లు దాటింది. పెందుర్తిలో మీవాడి క్లాసులోకి మాత్రం ఆ పుస్తకం రాలేదు. అందుకే హక్కులు తెలుసుకోండి కానీ, వాటి కోసం ఎదురుచూస్తూ ఈ ఏడాది పోగొట్టుకోకండి.

ఇక ఏ స్కూలు అన్నది. ఇప్పుడున్న చోటే ఉంచితే కొత్తగా మళ్లీ అలవాటు పడే బాధ ఉండదు, ఇంటికి దగ్గర. కానీ టీచరు మారకపోతే ఏమీ మారదు. అందుకని క్లాస్ టీచరును విడిగా కలిసి మూడే అడగండి. ముందు వరసలో కూర్చోబెట్టడం, ప్రశ్న అడిగాక జవాబుకు కొంచెం ఎక్కువసేపు ఆగడం, లెక్కల్లో ప్రశ్న అర్థాన్ని ఒక్కసారి తెలుగులో చెప్పడం. బోర్డు మీద పేర్లు రాయించే పద్ధతి మీవాడి నోరు ఎలా మూయించిందో కూడా చెప్పండి. మెచ్చుకున్న టీచరే కాబట్టి వింటారని నా ఆశ. రెండు నెలలు చూడండి. 'లెఫ్ట్' అనే పిలుపు ఆగకపోతే, ఆదివారం కడుపునొప్పి తగ్గకపోతే, అప్పుడు మార్చే ఆలోచన చేయండి.

గవర్నమెంటు స్కూలుకి మారిస్తే ఒక లాభం స్పష్టంగా ఉంది. అక్కడి పాఠ్యపుస్తకాలు ద్విభాషా పుస్తకాలు. ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో. ఫీజుల భారం తగ్గుతుంది. మీలాగే కొండల నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు క్లాసులో ఉండొచ్చు. కానీ అక్కడి టీచరుకీ ఒడియా రాకపోవచ్చు, క్లాసులో పిల్లలు ఎక్కువుండొచ్చు, వాడికి ఇది మూడో బడి అవుతుంది. చేర్చే ముందు మీరు వెళ్లి ఒక పూట వరండాలో నిలబడి చూసి రండి. టీచరు పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో బయటికే వినిపిస్తుంది.

ఊరికి పంపేయడం గురించి నేను వెనకాడుతున్నాను. భాష దొరుకుతుంది, స్నేహితులు దొరుకుతారు, నిజమే. కానీ ఏడేళ్లు మీకు దూరంగా ఉన్నవాడు ఇప్పుడిప్పుడే మీ పక్కన పడుకోవడం అలవాటు చేసుకుంటున్నాడు. పరీక్ష తప్పినందుకు పంపేశారనే అనుకుంటాడు. వేసవి సెలవులకు మాత్రం తప్పకుండా పంపండి. కిరండోల్ ప్యాసింజర్‌లో అరకు దాకా వెళ్తే సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్తాడు. నెలన్నర అక్కడ నోటినిండా మాట్లాడి వస్తే జూన్‌లో మీకు వేరే పిల్లాడు కనిపిస్తాడు.

ఏ స్కూల్లో ఉన్నా సరే, ఒక ఏర్పాటు చేయగలిగితే చేయండి. ట్యూషన్‌కి నెలకు పదిహేను వందలు ఇస్తున్నామని, అక్కడా దెబ్బలే అని రాశారు. అది మానిపించండి. మన సిటీలో మీ వైపు నుంచి వచ్చి డిగ్రీ, నర్సింగ్, ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు ఎంతోమంది హాస్టళ్లలో ఉంటున్నారు. మీ భాష వచ్చిన ఒక అబ్బాయినో అమ్మాయినో వెతికి, ఆ డబ్బే ఇచ్చి, వారానికి మూడు రోజులు గంటసేపు కూర్చోమనండి. పాఠం ముందు మీ భాషలో చెప్పాలి, తర్వాత తెలుగు మాట, ఆ తర్వాత ఇంగ్లీషు మాట. ద్విభాషా పుస్తకాలు ప్రైవేటు స్కూలు పిల్లలకైనా పనికొస్తాయి, రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పాఠం సంగతి అలా ఉంచి, మీ భాష మాట్లాడుతూనే కాలేజీకి వెళ్లే ఒక అన్నను వాడు ఇంట్లో చూడటం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది.

మీకు సెలవున్న రోజు చేయడానికి ఇంకో పని. ఒక రెండువందల పేజీల నోట్‌బుక్ కొనండి. మీ అత్తగారు కథ చెబుతుంటే మీ భాష మాటలనే తెలుగు అక్షరాల్లో రాయండి. ఆ 2004 వాచకాలు కూడా ఇలా రాసినవే. ఎడమ పేజీలో మీ భాష, కుడి పేజీలో అదే కథ చిన్న తెలుగు వాక్యాల్లో. బొమ్మలు వాడినే వేయమనండి. తెలిసిన మాటలను చదవడం వల్ల అక్షరాలు వాడికి తొందరగా పట్టుబడతాయి, దీర్ఘాలు కూడా. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర పిల్లల కోసం ఇదే చేశారు. ఆయన ముందు తానే సవర భాష నేర్చుకుని, వాళ్ల మాటల్లోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. మనకు ఆయన వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే గుర్తు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. జనం మాట్లాడే తెలుగు పుస్తకానికి పనికొస్తుందన్న మనిషే, కొండపిల్లల మాట బడికి పనికొస్తుందని కూడా అన్నారు. 'బేగి రా' అంటే వేరే జిల్లాల వాళ్లు నవ్వే మన ఉత్తరాంధ్ర వాళ్లకైనా ఆ రెండోది అర్థం కావాలి.

చివరగా, ఆసుపత్రి గురించి రాసింది మీరు తప్పు ఒప్పుకుంటున్నట్టుగా రాశారు. నాకు తప్పుకంటే అలసట కనిపించింది. ఇన్నేళ్లు ఆ భాషను దాచిపెట్టి తిరగడం చిన్న పని కాదు. అయినా ఒక్కసారి అవతలివైపు నుంచి ఆలోచించండి. పాడేరు దాటి, ఆరేడు గంటలు ప్రయాణం చేసి వచ్చిన ఒక ముసలమ్మ, తనకు నొప్పి ఎక్కడో చెప్పలేక మంచం మీద కూర్చుని ఉంటుంది. ఆమె మాట అర్థమయ్యే మనిషి ఆ వార్డు మొత్తంలో మీరొక్కరే. మందు ఎప్పుడు వేసుకోవాలో తప్పుగా అర్థం చేసుకుంటే ఎంత ప్రమాదమో మీకు నాకంటే బాగా తెలుసు. మీకు ఇబ్బందిగా ఉంటే అందరి ముందూ అక్కర్లేదు. మంచం పక్కన మెల్లగా రెండు ముక్కలు చాలు. డాక్టరుకు ఆ వివరం చేరితే మీ భాషకు అక్కడ ఏం విలువ ఉందో తోటివాళ్లే చూస్తారు. కుదిరిన రోజు ఇంటికెళ్లి ఆ సంగతి మీ భాషలో, మీ అత్తగారితో, బాబు వింటుండగా చెప్పండి. వాడితో ప్రత్యేకంగా ఏమీ అనకండి.

బీచ్‌కి మళ్లీ వెళ్లండి, త్వరలోనే. ఈసారి వాడి స్నేహితుల్లో ఒకరిద్దరిని ముందు ఇంటికి పిలవండి. మీ అత్తగారి చేతి వంట ఏదైనా పెట్టండి. పిల్లలు ఆమెను ఏం పిలవాలో అడుగుతారు. అప్పుడు మీరు చెప్పకండి, బాబునే చెప్పనివ్వండి.